గలక్టోబురెకో (గ్రీకు స్వీట్) అడుగు మెత్తబడిపోతోంది, ఎవరైనా చెప్పగలరా?

మెల్‌బోర్న్‌లో ఉంటాం. మావారిది గ్రీకు కుటుంబం. ఆగస్టు 15న మనకు జెండా పండగైతే వీళ్లకు మరియమాత పండగ. ముందు 14 రోజులు పాలు, గుడ్లు ముట్టని ఉపవాసం, ఆ రోజు మాత్రం గలక్టోబురెకో: ఫిలో (కాగితమంత పల్చటి మైదా రేకులు) పొరల మధ్య రవ్వ కస్టర్డ్, పైన పాకం.

ఏటా మా అత్తగారే చేసేవారు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని నాకు అప్పగించారు. ఆవిడకు కొలతలుండవు. రవ్వ ఎంత అంటే గుప్పెట చూపిస్తారు, అచ్చం మా అమ్మమ్మలాగే.

రెండుసార్లు చేశాను. లీటరు పాలకు 150 గ్రాముల బొంబాయి రవ్వ, 4 గుడ్లు. కింద 6, పైన 6 పొరలు, ప్రతి పొరకీ కరిగించిన వెన్న. 180 డిగ్రీల్లో 45 నిమిషాలు. పైభాగం కరకరలాడింది, అడుగు మాత్రం పాకంలో నానిన బ్రెడ్డే. చల్లారిన పాకాన్ని వేడి ట్రే మీదే పోశాను, చుయ్‌మంది కూడా.

ఫిలో మీద తడిగుడ్డ కప్పుతున్నా కాబట్టి చిరగడం లేదు, ఆ టెన్షన్ లేదు. కస్టర్డ్ వేడివేడిగా పోయడం తప్పా? ట్రే ఓవెన్‌లో కింది అరలో పెట్టాలా? పాకం జిగురొస్తే చాలా, తీగపాకం దాకా రావాలా?

అత్తగారు "బాగుందమ్మా" అన్నారు గానీ అడుగు పొరలు పళ్లెంలోనే వదిలేశారు, నేను చూశాను. ఉపవాసం మొదలయ్యేలోపు ఇంకోసారి చేసి ఆవిడకు పెట్టాలి. ఇంకా పది రోజులే ఉంది.