కేబుల్‌లో 200 వస్తుంటే 100 ఫైబర్‌కి మారాలా?

లెక్కల టీచర్

మా ఇంట్లో కేబుల్ ఇంటర్నెట్. డౌన్‌లోడ్ 200 ఎంబీపీఎస్ అన్నారు, కొలిస్తే దాదాపు అంతే వస్తోంది. నేను ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. పగలు ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం ఏడు దాటిందంటే చాలు, "మేడమ్, మీ గొంతు తెగిపోతోంది" అంటారు పిల్లలు. విచిత్రం ఏమిటంటే, అదే సమయంలో పక్క గదిలో మావారు చూసే సినిమా ఒక్కసారి కూడా ఆగదు. ఇప్పుడు మా వీధిలోకి ఫైబర్ వచ్చింది. ఫోన్ లైన్ మీద ఇచ్చే కనెక్షన్ కూడా దొరుకుతుంది. 200 వదులుకుని 100 ఫైబర్‌కి వెళ్లడం ఏం తెలివి అని ఇంట్లో వాదన. మీరేమంటారు?

జాయింటర్

మారిపోండి మేడమ్. నేను చేసేది ఫైబర్ జాయింట్ల పనే, కాబట్టి నాది పక్షపాతం అనుకున్నా సరే, కారణం మాత్రం వినండి.

సినిమా మీ ఇంట్లోకి వస్తుంది. మీ గొంతు, మీ బొమ్మ ఇంట్లోంచి బయటికి పోవాలి. అంటే మీకు కావాల్సింది అప్‌లోడ్. ఆ 200 అనే అంకె దాని గురించి ఏమీ చెప్పదు. కేబుల్ వైరు పుట్టిందే టీవీ కోసం. బొమ్మ కేబుల్ ఆఫీసు నుంచి ఇళ్లకు రావాలి, ఇళ్ల నుంచి తిరిగి వెళ్లేదేమీ ఉండేది కాదు. 1997లో డాక్సిస్ ప్రమాణంతో అదే వైరు మీద ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు పై చానెళ్లన్నీ డౌన్‌లోడ్‌కి పోయాయి. అప్‌లోడ్‌కి అడుగున ఇరుకు సందు మిగిలింది. చాలా పాత నెట్‌వర్కుల్లో అది 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకే, ఐరోపాలో 65 దాకా. ఆ సందులోంచే మీ నోడ్ (చుట్టుపక్కల ఇళ్ల కేబుళ్లు కలిసే పెట్టె) కింద ఉన్న ఇళ్లన్నీ పోవాలి.

ఫైబర్‌లో ఈ గొడవ లేదు. ఒకే గాజు పోగులో 1490 నానోమీటర్ల వెలుగు కిందికి వస్తుంది, 1310 నానోమీటర్ల వెలుగు పైకి పోతుంది. దేని దారి దానిది.

కోయాక్స్

జాయింటర్ అన్నా, పంచుకోవడం మీ ఫైబర్‌లోనూ ఉంది, ఆ మాట దాటేశారు. ఇళ్లకిచ్చే ఫైబర్ పద్ధతి జీపాన్‌లో ఒక్క పోగును స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. కేబుల్‌లో కూడా నోడ్ దాకా వచ్చేది ఫైబరే, చివరి ముక్క మాత్రమే కోయాక్స్, అంటే రాగి కేబుల్ వైరు. 2013లో వచ్చిన డాక్సిస్ 3.1తో అప్‌లోడ్ సందును 85, 204 మెగాహెర్ట్జ్ దాకా వెడల్పు చేసుకోవచ్చు. అలా చేసిన చోట నేను చూశాను, తేడా బాగా తెలుస్తుంది.

మేడమ్, మారే ముందు మీ కనెక్టర్ ఒకసారి చూడండి. మా ఇంట్లో అచ్చం ఇదే బాధ. గోడ బయట ఉన్న కనెక్టర్ విప్పితే లోపల నీటి చుక్క, అంచంతా పచ్చగా చిలుము, మధ్యలో రాగి పోగు నల్లబడి ఉంది. ఆ ఒక్కటి మార్చారు, మర్నాటి నుంచి సాయంత్రాలు బాగుపడ్డాయి. మోడెమ్ పేజీ తెరిచి అప్‌స్ట్రీమ్ పవర్ (మోడెమ్ పైకి పంపే సిగ్నల్ బలం) చూడండి. 50 డీబీఎంవీ దాటి ఉంటే మోడెమ్ గొంతు చించుకుని అరుస్తోందన్నమాట, లైన్లో ఎక్కడో లోపం ఉంది.

జాయింటర్

పంచుకోవడం ఉందన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ లెక్క వేద్దాం. జీపాన్‌లో అప్‌లోడ్ మొత్తం సుమారు 1,250 ఎంబీపీఎస్. 32 ఇళ్లూ ఒకే క్షణంలో పంపినా ఇంటికి 39 వస్తుంది. కొత్త ఎక్స్‌జీఎస్-పాన్ అయితే అటూ ఇటూ 10 గిగాబిట్లు. మీ పాత డాక్సిస్ 3.0లో నాలుగు అప్‌లోడ్ చానెళ్లు కలిపినా వంద చిల్లర, దాన్ని పంచుకునే ఇళ్లు వందల్లో ఉండొచ్చు. పైగా మీరు చెప్పిన ఆ చిలుము పట్టిన కనెక్టర్ ఉందే, దాని రొద మీ ఒక్కరితో ఆగదు. ఇళ్లన్నిటి రొదా అప్‌లోడ్ సందులో కలిసి నోడ్‌కి చేరుతుంది. ఎవరో ఇంట్లో వదులైన కనెక్టర్‌కి టీచర్ గారి క్లాసు ఆగిపోవచ్చు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

పాత మోడెమ్

ఫోన్ లైన్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. నాది వీడీఎస్ఎల్, ఫోన్ రాగి తీగ మీద వచ్చే నెట్. వీధి చివరి పెట్టె నుంచి మా ఇంటికి 200 మీటర్లు ఉండదు. అప్‌లోడ్ 20 నిలకడగా వస్తుంది, వీడియో కాల్‌కి అది ఎక్కువే. ఆ పెట్టె దాకా రాగి జత నా ఒక్కడిదే.

కానీ అంతా దూరం మీదే ఉంది. రాగిలో ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ సిగ్నల్ త్వరగా చచ్చిపోతుంది. ఫోన్ లైన్ మీదే వచ్చే పాత రకం ఏడీఎస్ఎల్2+ కాగితం మీద 24 ఎంబీపీఎస్, ఎక్స్ఛేంజ్‌కి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో దానిలో చిన్న ముక్కే మిగులుతుంది. అప్‌లోడ్ మామూలుగా ఒక్క ఎంబీపీఎస్ చుట్టుపక్కలే. టీచర్ గారూ, మీ దగ్గర ఇచ్చేది అదైతే అసలు ఆలోచించకండి. ఫోన్ పెట్టుకుంటే గరగర శబ్దం వస్తోందా? అయితే జాయింట్‌లో తడి ఉంది, నెట్ కూడా ఊగుతుంది.

కరెంటు పోయినా ఫోన్ లైన్ నడుస్తుందనేవాళ్లకు ఒక మాట. ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చే 48 వోల్టులు పాత ఫోన్‌కే సరిపోతాయి. మోడెమ్‌కి ఇంటి కరెంటే కావాలి.

లెక్కల టీచర్

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు రోజులు కూర్చుని కొలిచాను. వైఫై వదిలేసి లాప్‌టాప్‌ను నేరుగా మోడెమ్‌కి వైరుతో కలిపాను. మధ్యాహ్నం అప్‌లోడ్ 9, సాయంత్రం 5. కానీ ఏడున్నరకి పింగ్ (పంపినదానికి జవాబు తిరిగొచ్చే సమయం) 20 మిల్లీ సెకన్ల నుంచి 600కి ఎగిరింది. ఎందుకా అని చూస్తే, మావారు ఇంటికి రాగానే ఆయన ఫోన్ వైఫైకి తగులుకుని ఆ రోజు ఫొటోలు, వీడియోలు అన్నీ పైకి పంపుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాలుగు నెలలుగా పిల్లలకు సారీ చెబుతున్నాను.

కోయాక్స్

చూశారా, మోడెమ్‌లో క్యూ పేరుకుపోతోంది. ఫొటోల వెనకాల మీ గొంతు వరుసలో నిలబడుతోంది. రూటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూ పేరుకోకుండా చూసే అమరిక) ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ హద్దు వచ్చే స్పీడుకి కాస్త తక్కువగా పెట్టండి. చిన్న ప్యాకెట్లకు ముందు దారి దొరుకుతుంది. కంపెనీ మారక్కర్లేదు.

జాయింటర్

అది పెట్టాల్సిందే, కాదనను. కానీ సాయంత్రానికి 9 కాస్తా 5 అవ్వడం మీవారి ఫోన్ వల్ల కాదు కదా మేడమ్?

లెక్కల టీచర్

ఆయన ఫోన్ ఆపేసి కొలిచినా 5 దాటలేదు. అందుకే ఫైబర్ పెట్టించుకుంటున్నాను, అప్‌లోడ్ కూడా 100 అని రాతపూర్వకంగా ఇచ్చారు. పరీక్షలు అయ్యేదాకా కేబుల్ తీయించను. కోయాక్స్ గారు చెప్పిన ఎస్‌క్యూఎం నిన్ననే పెట్టాను, నిన్నటి క్లాసులో ఎవరూ గొంతు తెగిందని అనలేదు.

జాయింటర్

సంతోషం మేడమ్. బిగించేవాళ్లు వచ్చినప్పుడు దగ్గరుండి చూసుకోండి. పోగును అల్మారా వెనక నొక్కి మడవనివ్వకండి, మూల దగ్గర గుండ్రంగా తిప్పమనండి. వెళ్లే ముందు మీటర్ పెట్టి వెలుగు పవర్ ఎంతో డీబీఎంలలో చూపించమనండి. మైనస్ 27 దగ్గర్లో ఉంటే ఒప్పుకోకండి, మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే హాయిగా క్లాసు చెప్పుకోండి.