తెలుగు థీసిస్‌కు 10 శాతం రూలు: ఈ కొలత పనికొస్తుందా?

నల్లబల్ల:
కాపీని అరికట్టే యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2018 నిబంధనల్లో పోలిక, అంటే థీసిస్‌లో ఇతరుల రాతలతో కలుస్తోందని సాఫ్ట్‌వేర్ పట్టే భాగం, 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 40 దాకా అయితే ఆరు నెలలు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 60 దాకా అయితే ఏడాది ఆగాలి. అదీ దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మరి అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు థీసిస్‌లకు 0, 1 శాతం వస్తోందే, దానికి అర్థమేమిటి? తెలుగు శాఖలకు లైబ్రరీ ఇచ్చే ఈ పోలిక రిపోర్టు తీసేయాలంటాను.

కొలబద్ద:
తీసేయక్కర్లేదు, సరిగ్గా తీస్తే చాలు. అనులో తెర మీద కనబడేది తెలుగు, ఫైలు లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడ్. వికీపీడియా పేజీని ఉన్నదున్నట్టు దించినా సాఫ్ట్‌వేర్‌కు పోలిక దొరకదు. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక వత్తులు చెదిరాయేమో చూసుకోవాలి. స్కాన్ పీడీఎఫ్ అసలు తీసుకోకూడదు, అందులో ఉన్నది బొమ్మ. చిత్తుప్రతిని రిపాజిటరీలో, అంటే సాఫ్ట్‌వేర్ పోల్చి చూసే నిల్వలో, దాచే ఆప్షన్ ఆపి పరీక్షించాలి. లేకపోతే తుదిప్రతి తన చిత్తుప్రతికే కాపీగా తేలుతుంది.

నల్లబల్ల:
అదే నిబంధనల్లోని 14 పదాల సంగతి చెప్పండి. కామన్ నాలెడ్జ్, అనుకోకుండా కలిసే మాటలు వరసగా 14 పదాల దాకా లెక్కలోకి రావు. ఇంగ్లిష్‌లో అది ఓ వాక్యం ముక్క. తెలుగులో "వెళ్లకపోయినప్పటికీ" ఒకే పదం. 14 పదాల్లో రెండు వాక్యాలు పడతాయి!

చివరి బెంచి:
ఏడు పెట్టుకోండి, గొడవ వదులుతుంది.

కొలబద్ద:
14 పదాల దాకా ఎత్తుకోవచ్చని అందులో లేదండీ. సాఫ్ట్‌వేర్‌లో చిన్న పోలికలు వదిలేసే సెట్టింగును 14కు పెట్టి, అన్నిటికీ వర్తింపజేయడం తప్పు. అదీగాక "చేయవలసి ఉంది" అని ఒకరు, "చేయవలసివుంది" అని ఇంకొకరు రాస్తే పోలిక అక్కడే తెగుతుంది.

నల్లబల్ల:
అంటే 14 తెలుగుకు సరిపోదనేగా!

తూకంరాయి:
14 సంగతి పక్కన పెట్టండి. ప్రబంధ కావ్యాల మీద రాసేవాళ్ల పాట్లు చూడండి. పద్యాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టం, పక్కకు జరిపి విడిగా వేస్తాం. కొటేషన్లు మినహాయించమని టిక్కు పెట్టినా సాఫ్ట్‌వేర్ దాన్ని కొటేషన్‌గా గుర్తించకపోవచ్చు. నిజాయితీగా పద్యాలు ఉదహరించినవాడికి 30 శాతం వస్తుంది. నెట్‌లో లేని పాత అచ్చు పుస్తకంలోంచి అధ్యాయం ఎత్తేసినవాడికి 2 వస్తుంది. ఇదీ మీ కొలత.

కొలబద్ద:
పద్యానికి గుర్తులు పెట్టించడం గైడ్ పని. పాత పుస్తకం గుర్తుపట్టడమూ గైడ్ పనే.

తూకంరాయి:
అన్నీ గైడ్ నెత్తినే వేయండి. రిపోర్టు మీద లైబ్రరీ స్టాంపు దేనికి మరి, అలంకారానికా?

కొలబద్ద:
స్టాంపు పోలిక శాతానికి. కాపీ లేదని సర్టిఫికెట్ ఇవ్వాల్సింది గైడ్, నిబంధనల్లోనే ఉంది. మీరు సంతకం పెట్టేది చదివి కాదు, 9 శాతం అంకె చూసి. అంకె లేకపోతే చదవాల్సి వస్తుందని మీ బాధ.

తూకంరాయి:
మాట జారకండి. ప్రొఫెసర్‌కు ఒకేసారి 8 మంది స్కాలర్లు. ఒక్కో థీసిస్ మూడొందల పేజీలు. ప్రతి పేరాకూ మూలం వెతకడం ఎవరి వల్ల అవుతుంది?

కొలబద్ద:
8 గరిష్ఠ పరిమితి. అంతమందినీ తీసుకుని తీరాలని ఎవరూ అనలేదు.

నల్లబల్ల:
ఇప్పుడొచ్చింది అసలు సంగతి. సర్టిఫికెట్ గైడ్‌ది, శిక్ష విద్యార్థిది. థీసిస్ శిక్షల్లో గైడ్ ఊసే లేదు. అదే అచ్చయిన పేపరులో పోలిక 40 దాటి 60 శాతం దాకా ఉంటే రచయితకు ఒక ఇంక్రిమెంటు కోత, రెండేళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఆ భయం థీసిస్‌కూ ఉంటే చదువుతారు.

తూకంరాయి:
అలాగైతే తెలుగులో గైడ్‌షిప్ ఎవరూ ఒప్పుకోరు.

చివరి బెంచి:
ఫైలు అనులో ఉందో లేదో తెలిసేదెలాగండీ?

కొలబద్ద:
వర్డ్ ఫైలులోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగే కనబడితే యూనికోడ్. ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే ఆ రిపోర్టు చెల్లదు. అర నిమిషం పని.

తూకంరాయి:
ఆ అర నిమిషం ఎవరిది, లైబ్రరీదా, గైడ్‌దా?