పోర్చుగీసు సొంతంగా నేర్చుకుంటున్నాను, దారి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో ఒడియా. మా అన్నయ్య మొజాంబిక్‌లో పని చేస్తున్నాడు, అక్కడ అధికార భాష పోర్చుగీసే. నేనూ వెళ్లాలనుకుంటున్నాను. ఇక్కడ నేర్పేవాళ్లు ఎవరూ దొరకలేదు, ఫోన్‌లో యాప్ పెట్టుకుని చదువుతున్నాను.

ముక్కుతో పలికే అచ్చులు నాకు పెద్ద కష్టం కాలేదు. ఒడియాలో 'హఁ' (అవును) అనడం చిన్నప్పటి నుంచీ అలవాటే కదా! అసలు తిప్పలన్నీ వినడం దగ్గరే. యాప్ నేర్పేది బ్రెజిల్ ఉచ్చారణ. రాత్రిని అక్కడ చాలామంది 'నోయ్చి' అంటారు. లిస్బన్ వాళ్లు చివరి అచ్చు మింగేసి 'నోయ్త్' అంటారు. మాట చివర అచ్చు వినడానికి అలవాటుపడ్డ మన చెవికి అది అందదు. మొజాంబిక్ బడుల్లో పోర్చుగల్ పద్ధతే నేర్పుతారట, అందుకే టెన్షన్.

ఇప్పుడే యాప్ వదిలేసి పోర్చుగల్ రేడియో వినాలా? లేక వ్యాకరణం గట్టిపడ్డాక మారాలా? 'ఉండు' అనే అర్థమిచ్చే 'సెర్', 'ఎస్తార్' క్రియల తేడా తెలుగులోగానీ ఒడియాలోగానీ వివరించిన పాఠాలుంటే చెప్పండి. సిప్లే అనే ఏ2 (ప్రాథమిక) స్థాయి పోర్చుగీసు పరీక్ష సొంతంగా చదివి రాసినవాళ్లుంటే, వినికిడి భాగానికి ఎలా సిద్ధమయ్యారో కాస్త వివరంగా రాయండి, ప్లీజ్.