సమస్య: "వెనుక కడుగు వేసి వీరుఁ డయ్యె"

ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇచ్చాం, మిగతా మూడు పాదాలూ కవులు పూరించాలి. కుస్తీకే అన్వయించాలి: ఎదుటివాడు కాళ్ల మీదికి దూకినప్పుడు కాచుకోవడం. కురుక్షేత్రం, క్రికెట్ వద్దు.

పానగల్లు:
కాళ్ళు పట్ట వచ్చు కాలాన నడుమును
గ్రిందికద్ది మెడను గేల నదిమి
తన బరువును మోపి దండిగా వీపుపై
వెనుక కడుగు వేసి వీరుఁ డయ్యె

కోయిలకొండ: యతులు, గణాలు సరిగున్నయన్నా. "కాళ్ళు పట్ట వచ్చు"లో బతిమాలుకునే అర్థం కూడా పలికింది, మంచిగున్నది. కుస్తీ వరుసే తప్పింది. అద్ది, అదిమి, మోపి, ఆఖరుకు అడుగు అన్నరు. క్త్వార్థకాలు, అంటే "చేసి" అసొంటి క్రియలు, ఒకదాని తర్వాత ఒకటి జరిగిన పనులు గదా! మీ వీరుడు అడుగు తీసేలోపే మోకాళ్ల వెనక ఎదుటివాని చేతులు ముడిపడతయి, ఎత్తి పడేస్తడు. వాడు వంగి దూకంగనే రెండు పాదాలూ ఒక్క ఎగురుల వెనక్కి పోవాలె, అదే ఊపుల నడుము వాని భుజాల మీద పడాలె. మెడ మీద చెయ్యి ఆ తర్వాతి మాట. "అద్ద, అదుమ, మోప" అనండి. అవి చేసేటందుకే అడుగు ముందు పడ్డట్టయితది, గణం చెడదు.

పానగల్లు: ఒప్పుకున్న తమ్మీ. మోకాళ్ల ముచ్చట పద్యంల పట్టలేదు. అవి నేలకు తగిలితే మన బరువు నేలే మోస్తది, వాని వీపు మోయదు. మునివేళ్ల మీదనే ఉండాలె. పిరుదులు లేస్తే కింద సందు దొరికి మళ్ల దూరుతడు.

మిర్యాలగూడ: "వెనుక"ను ఎదిరి వీపు దిక్కుగా తీసుకున్న.
తలను నొక్కి యుంచి తాఁ జుట్టుఁ దిరుగుచు
జబ్బ నొడిసి పట్టి జవముతోడ
నెదురు నిలువ మాని యెదిరివాని కపుడు
వెనుక కడుగు వేసి వీరుఁ డయ్యె

పృచ్ఛకుడు (సమస్య ఇచ్చినవాడు): ఈ విరుపు నాకు తట్టలేదు, భేష్. ఫ్రీస్టైల్‌లో అట్లా వెనక్కి చేరి అదుపులోకి తెస్తే 2 పాయింట్లు. ఊరికే వెనకడుగులు వేస్తూ 9 మీటర్ల వలయం దాటితే ఎదుటివాడికి 1. అయితే "తిరుగుచు జబ్బ పట్టి" అన్నారు. ముందే పట్టకపోతే తిరిగేటప్పుడు ఆ చేతికి మన కాలు దొరుకుతుంది. పాదాలు తారుమారు చేద్దామంటే బేసి, సరి గణాలు వేరు.

మిర్యాలగూడ: మొదటి పాదం "తలను నొక్కి యుంచి తన రొమ్ము మోపుచు" అని మార్చిన. ఛాతీ వాని వీపును వదలొద్దన్నది కూడా వచ్చింది.

కోయిలకొండ: ఇప్పుడు సరి.