కలయిక చందా: అందరికీ ఒకటేనా, ఎవరి ఓపిక వాళ్ళదా?

రోల్ నంబర్ 8
మన 1980 పదో తరగతి వాళ్ళందరికీ. పేర్లు వద్దు, హాజరు పట్టీ నంబర్లతోనే రాద్దామని మొన్న అనుకున్నాం కదా, అలాగే రాస్తున్నాను. ముక్కనుమ రోజు కలుద్దాం అనుకోవడం బాగుంది. కానీ రోల్ నంబర్ 22 వేసిన చందా లెక్క, తలా 3,000, దాని మీద నాకు అభ్యంతరం ఉంది. ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్పేకంటే అందరి ముందూ రాయడం మంచిదనిపించింది.

కార్తీకమాసంలో గుంటూరులో మా మేనల్లుడి ఇంటికి వెళ్ళాను. అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ నా బండి నంబరు, ఫ్లాటు నంబరు పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఆ అంకెలు చూడగానే ఆగిపోయాను. ఏడు అంకెని అలా సాగదీసి రాసేవాడు మన క్లాసులో ఒక్కడే. రోజూ పొద్దున బోర్డు మీద తేదీ, వారం, హాజరు 48కి ఎంతమందో రాసింది ఎవరో మీకు గుర్తుండే ఉంటుంది. వాడే, 17. పేరు పెట్టి పిలిచాను. తలెత్తి చూశాడు, గుర్తుపట్టాడు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఒరేయ్, నన్ను చూసి వాడు లేచి నిలబడ్డాడు, అది నాకు ఇంకా మనసులోంచి పోవడం లేదు.

చిలకలూరిపేట వైపు స్పిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్ళు పైన చేశాడు. 58కి పంపించేశారు. ఇప్పుడు వచ్చే పీఎఫ్ పింఛను మూడు వేల చిల్లర. కలయిక సంగతి చెప్తే "పండక్కి కుదరదురా" అన్నాడు, కారణం చెప్పలేదు. 3,000 అంటే వాడికి ఒక నెల పింఛను. అందుకని నా మాట ఇది: చందా ఇంత అని పెట్టొద్దు, ఎవరి ఓపికకి తగ్గట్టు వాళ్ళు వేద్దాం, ఎవరు ఎంత వేశారో చదవొద్దు.

రోల్ నంబర్ 22
లెక్క నేనే వేశాను కాబట్టి నేనే జవాబు చెప్తాను. దొరికినవాళ్ళం 36 మందిమి. ఫంక్షన్ హాలు 40,000, ఇళ్ళవాళ్ళతో కలిపి 80 భోజనాలు ప్లేటు 350 చొప్పున 28,000, శాలువాలు మెమెంటోలు 22,000, వీడియో డ్రోను 18,000. మొత్తం లక్షా ఎనిమిది వేలు. 36 పెట్టి భాగించు, మూడు వేలు. ఇందులో నా జేబులోకి పోయేది ఏమీ లేదు.

ఓపిక కొద్దీ అనేది వినడానికి బాగానే ఉంటుంది రా. నేను బ్యాంకులో ముప్పై ఆరేళ్ళు చేశాను, చందాల ఖాతాలు ఎన్ని చూశానో. ఓపిక కొద్దీ అన్నచోట మొదట వెయ్యి వేసినవాడిని చూసి రెండోవాడు ఐదొందలు వేస్తాడు, చివరికి ఇద్దరు ముగ్గురి నెత్తిన పడుతుంది. ఆ ఇద్దరు ముగ్గురూ ఆ రోజు సభలో మైకు పట్టుకుంటారు. అది నాకు ఇష్టం లేదు. ఇంకొకటి, బ్యాంకువాళ్ళకి బాగా వస్తుందని అందరూ అనుకుంటారు. మా పింఛను రిటైరైన నాటి బేసిక్ మీదే ఆగిపోతుంది, తర్వాత ఎన్ని వేతన ఒప్పందాలు జరిగినా డీఏ (కరువు భత్యం) తప్ప బేసిక్ కదలదు. పింఛనులో మూడో వంతు కమ్యూట్ చేసి, అంటే ముందుగానే ఒకేసారి డబ్బుగా తీసుకుని, అమ్మాయి పెళ్ళికి ఇచ్చాను. మెడికల్ పాలసీ ప్రీమియం ఏటా కట్టాలి. నాకూ మూడు వేలు మూడు వేలే.

రోల్ నంబర్ 31
నేను కౌలు రైతుని. మీలో ఎవరో ఒకరు నా గురించి కూడా ఇలాగే జాలిగా రాస్తారేమోనని ముందే చెప్తున్నాను. మిరపకి ఈ ఏడు పెట్టుబడి ఎంతయిందో, రేటు ఎలా ఉందో ఇక్కడ రాయను. కానీ 3,000 అంటే 3,000 ఇస్తాను. మిగతా వాళ్ళకి మూడు వేలు, వాడికి మాత్రం ఎంతైనా పర్లేదు అంటే, ఆ "వాడు" నేనవుతానేమో అని ప్రతి ఒక్కడూ అనుకుంటాడు. అప్పుడు అసలు రాడు. ఒకే చందా ఉంటే తలెత్తుకుని కూర్చోవచ్చు. 8, నీ మనసు మంచిదే, కాదనను, ఒక్కసారి నా వైపు నుంచి కూడా చూడు.

రోల్ నంబర్ 41
అందరికీ నమస్కారం. నేను ఖమ్మంలో టీచరుగా చేసి మొన్న జూన్ 30న రిటైరయ్యాను. మన బడిలో అప్పుడు మాట్లాడుకున్నది లేదు కాబట్టి "మీరు" అనే వస్తోంది, ఏమీ అనుకోవద్దు.

ఇక్కడ ఒక తమాషా సంగతి గమనించాను. మనలో సగం మందికి పుట్టినరోజు 1-7-1964. ఇంట్లో ఎవరికీ తేదీ తెలియదు, చేర్పించేటప్పుడు మాస్టారు ఆ తేదీ వేసేశారు. ఒకటో తారీఖున పుడితే ముందు నెల ఆఖరు రోజునే రిటైర్మెంటు. అందరికీ ఒకే తేదీ, కానీ 9 పోస్టాఫీసులో కేంద్ర ప్రభుత్వం కాబట్టి 60కి 2024లో దిగారు, నేను తెలంగాణలో 61కి 2025లో, మీరు, 8, ఆంధ్రాలో 62కి వచ్చే జూన్‌లో. ఒకే బెంచీ, ఒకే పుట్టినరోజు, మూడు వయసులు. ఆ పక్కనే మిల్లులో చేసినవాళ్ళకి 58, పొలం చేసేవాళ్ళకి రిటైర్మెంటే లేదు. ఇంత తేడా ఉన్నచోట ఒకే చందా అంటే ఎలా కుదురుతుందో నాకు అర్థం కావడం లేదు.

రోల్ నంబర్ 9
అవునమ్మా, ఆ జూలై 1 వల్ల నాకు ఇంక్రిమెంటు ఒక్క రోజు తేడాలో పోయింది. మాకు ఇంక్రిమెంటు జూలై 1నే. ముందు రోజే దిగిపోయాం కాబట్టి లేదన్నారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఉండబట్టి తర్వాత పింఛను లెక్కకి నోషనల్‌గా, అంటే కాగితం మీద ఇచ్చినట్టుగా, కలిపారు. బడిలో చేర్చిన రోజు మాస్టారు కలం పెట్టిన చోటు ఇంత దూరం వస్తుందని ఎవరనుకుంటారు.

చందా సంగతికొస్తే నేను 31 వైపే. హాలు మాత్రం ఎందుకో నాకు తెలియడం లేదు. బడి ఉంది కదా.

రోల్ నంబర్ 44
మీరంతా మిల్లులో చేసినవాళ్ళ గురించి, పొలం గురించి మాట్లాడుతున్నారు. మేం 38 నుంచి 48 దాకా పదకొండు మంది ఆడపిల్లలం. మీ 36 మందిలో మేం ఎంతమందిమో ఎవరైనా లెక్కపెట్టారా? నలుగురం. మిగతావాళ్ళని వెతకలేదని అనను, వెతకడానికి ఇంటిపేర్లు మారాయి, ఊళ్ళు మారాయి. 46 నరసరావుపేటలో ఉంది, నాకు తెలుసు. ఫోన్ చేస్తే వస్తానంది, ఎంత అని అడిగింది, మూడు వేలు అనగానే ఆగిపోయింది. ఆమె భర్తకి పింఛను బాగానే వస్తుంది. కానీ ఆ పాస్‌బుక్కు ఆయన బీరువాలో ఉంటుంది. "మూడు వేలు మీ బడి వాళ్ళకి ఎందుకు" అని అడిగితే ఏం చెప్పాలే అంది. ఇది పేదరికం కాదు, కానీ రాలేకపోవడం మాత్రం ఒకటే. నేనూ ఉద్యోగం చేయలేదు, ముప్పై ఎనిమిదేళ్ళు ఇల్లు చూశాను, నా పేరు మీద ఏ పింఛనూ లేదు. మా ఆయన అడగకుండానే ఇస్తారు కాబట్టి రాగలుగుతున్నాను, అంతే తేడా.

రోల్ నంబర్ 8
44 రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను 17 ఒక్కడినే చూశాను, వీళ్ళు నా లెక్కలోనే లేరు.

31, నువ్వు చెప్పిన మర్యాద సంగతి ఒప్పుకుంటాను. కానీ పింఛను లెక్క ఒక్కసారి చూడు. మిల్లులు, ప్రైవేటు కంపెనీల్లో చేసినవాళ్ళకి వచ్చేది 1995 నాటి పీఎఫ్ పింఛను పథకం. చివరి ఐదేళ్ళ సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి కూడా పరిమితి ఉంది, 2014 సెప్టెంబరు దాకా 6,500, తర్వాత 15,000. అంటే ఇప్పుడు ముప్పై అయిదేళ్ళు పూర్తి పరిమితి మీద చేసినా 7,500 దాటదు, 17కి పాత పరిమితిలోనే ఎక్కువ కాలం గడిచిపోయింది. కనీస పింఛను 1,000 అని 2014లో పెట్టారు, ఇప్పటికీ అదే. దానికి డీఏ ఉండదు. మన ఊళ్ళో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి 4,000 అయింది, ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇస్తున్నారు, అందుకు నాకు సంతోషమే. కానీ జీవితమంతా దూదిలో దగ్గుతూ పీఎఫ్ కట్టినవాడికి అంతకంటే తక్కువ రావడం ఏం న్యాయం? నాకు వచ్చే ఏడాది ఎంత వస్తుందో మీకు తెలుసు, 40 శాతం కమ్యూట్ చేస్తే 77 ఏళ్ళ దాకా కోత ఉంటుంది, అయినా మిగిలినదానితో హాయిగా బతుకుతాను, డీఆర్ (పింఛను మీద ఇచ్చే కరువు భత్యం) పెరుగుతుంది. మేమిద్దరం ఒకే బెంచీలో కూర్చున్నాం, లెక్కల్లో వాడికి నాకంటే ఎక్కువే వచ్చేవి. ఇంటర్ చేరడానికి వాళ్ళ నాన్న దగ్గర డబ్బు లేదు.

రోల్ నంబర్ 22
నువ్వు చెప్పిన అన్యాయం నిజమే, దాన్ని మన చందాతో సరిచేయలేం. నాకున్న భయం ఒక్కటే, లెక్క. అయినా 9 చెప్పింది బాగుంది, రాత్రి మళ్ళీ కూర్చుని వేశాను. హాలు తీసేసి హెడ్మాస్టరు గారి అనుమతితో బడి వరండా, డ్రోను వద్దు, శాలువాలు మనకి కాకుండా ఉన్న ముగ్గురు మాస్టార్లకి మాత్రమే, అది 4,000. కుర్చీలు, మైకు, షామియానా 8,000. భోజనం 28,000 అలాగే. మొత్తం 40,000. తలా పదకొండు వందల చిల్లర. ఇది అందరికీ ఒకటే పెడదాం, 31 మాట నిలబడుతుంది. హాలుకి ఇచ్చిన అడ్వాన్సు 10,000 వెనక్కి రాదేమో, అది నా తొందరపాటు, నేను భరిస్తాను.

రోల్ నంబర్ 31
అడ్వాన్సు నువ్వొక్కడివే ఎందుకు భరిస్తావు, అందరం కలిసే కదా సరే అన్నాం. బియ్యం నేను తెస్తాను, అది చందాలో తగ్గించొద్దు. పదకొండు వందలకి నేను సరే. 44, ఆ 46కి ఫోన్ చేసి బడి దగ్గరే, వరండాలోనే అని చెప్పమ్మా.

రోల్ నంబర్ 41
పదకొండు వందలైనా అడిగి తెచ్చుకోవాల్సిన వాళ్ళు ఉన్నారని 44 చెప్పింది కదా. అలాంటివాళ్ళ వంతు నేను వేస్తాను, మా ఆడపిల్లల మధ్య సంగతి అది, అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోరు. కాదు కూడదు అనొద్దు.

రోల్ నంబర్ 8
ఇవాళ పొద్దున 17కి ఫోన్ చేశాను. వరండా అని, పదకొండు వందలని, అవి కూడా లేకపోతే నేనున్నానని చెప్పాను. మొత్తం విన్నాడు. తర్వాత "డబ్బుదేముంది రా, మూడు వేలైతే మాత్రం ఇవ్వలేనా, నేను నీకు డబ్బు లేదని చెప్పానా?" అన్నాడు.

సంక్రాంతికి అపార్ట్‌మెంట్లో ముప్పై రెండు ఫ్లాట్లలో ఇరవై ఆరు తాళాలు వేసి ఊళ్ళకి పోతాయట. భోగి ముందు రోజు నుంచి ముక్కనుమ దాటేదాకా వాడు గేటు వదలడానికి లేదు. నాలుగేళ్ళుగా పండక్కి సొంత ఊరు రాలేదు. వాళ్ళందరి తాళాలు వాడి దగ్గరే ఉంటాయి. మామూలు ఆదివారమైతే తమ్ముణ్ణి కూర్చోబెట్టి రాగలడు. నేను వాడు చెప్పింది వినకుండా, వాడి పింఛను లెక్కపెట్టి ఇక్కడ ఇంత రాశాను. తప్పయింది. మీ అందరి ముందూ వాడి సంగతులు పెట్టినందుకు కూడా.

కాబట్టి ఇప్పుడు అడగాల్సింది చందా కాదు, తేదీ. ఫిబ్రవరి రెండో ఆదివారం పెడదామా?

రోల్ నంబర్ 22
ఫిబ్రవరి అంటే 12, 29 రాలేరు. ఇద్దరూ పండక్కే అమెరికా నుంచి వస్తున్నారు, టికెట్లు ఆగస్టులోనే తీసుకున్నారు, జనవరి 22న తిరుగు ప్రయాణం. మధ్యలో ఒక్క ఆదివారం ఉంది, 18. పండగ తర్వాత మొదటి ఆదివారం, ఊళ్ళకి పోయినవాళ్ళు తిరిగొచ్చే రోజు. ఆ సాయంత్రానికి తాళాలు అప్పగించాలి కదా వాడు. మధ్యాహ్నం రెండింటికల్లా వాడిని బండి మీద గుంటూరు చేర్చే పూచీ ఎవరైనా తీసుకుంటారా? అయితే భోజనాలు పదకొండింటికే పెట్టిద్దాం.

రోల్ నంబర్ 9
నేను తీసుకుంటాను. పొద్దున తీసుకురావడం కూడా. వాడి తమ్ముడి నంబరు పంపు.