ఆనోడ్‌ని ధన ధ్రువం అనొచ్చా?

యలహంక, బెంగళూరు నుంచి ప్రశ్న:
నీటి నుంచి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్‌కి తెలుగులో నిర్వహణ పుస్తకం తయారవుతోంది. చదివేవాళ్లు అనంతపురం, చిత్తూరు నుంచి ఇక్కడికి పని కోసం వచ్చిన ఐటీఐ కుర్రాళ్లు. ఆనోడ్‌కి ధన ధ్రువం, కాథోడ్‌కి రుణ ధ్రువం అని రాశాం. ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు పుట్టించే పరికరం) అధ్యాయంలో అదే మాట అడ్డం తిరిగింది. ఏ మాట వాడాలి?

పీణ్య, బెంగళూరు నుంచి జవాబు:
ఆ రెండు మాటలూ తీసేయండి. ఆనోడ్ అంటే ఆక్సీకరణం (ఎలక్ట్రాన్లు పోవడం) జరిగే చోటు, కాథోడ్ అంటే క్షయకరణం (ఎలక్ట్రాన్లు చేరడం) జరిగే చోటు. ప్లస్, మైనస్ గుర్తుతో వాటికి సంబంధం లేదు. ఎలక్ట్రోలైజర్‌లో హైడ్రోజన్ పుట్టేది కాథోడ్ దగ్గర, అది రుణం. ఫ్యూయల్ సెల్‌లో హైడ్రోజన్ ఖర్చయ్యేది ఆనోడ్ దగ్గర, అదీ రుణమే. అంటే హైడ్రోజన్ వైపు రెండింటిలోనూ రుణమే, మారింది పేరు మాత్రమే. 1834లో ఫారడే ఈ పేర్లు పెట్టినప్పుడు గ్రీకులో ‘పైకి దారి’, ‘కిందికి దారి’ అనే అర్థాలతో, సూర్యుడు పొడిచే దిక్కు, గుంకే దిక్కు అన్న ఊహతో పెట్టాడు. విద్యుత్తు గురించిన సిద్ధాంతాలు రేపు మారినా చెడని పేరు కావాలన్నది ఆయన పట్టుదల. దాన్ని మనం ధనం, రుణం అని బిగించేశాం.

ఇది పండితుల పట్టింపు కాదండీ. కాస్టిక్ పొటాష్ ద్రావణంతో (25–30 శాతం, 70–80 డిగ్రీలు) నడిచే స్టాక్‌ని (వరసగా పేర్చిన సెల్‌ల దొంతరని) ఆపగానే లోపల మిగిలిన వాయువులతో అది ఫ్యూయల్ సెల్‌లా పనిచేయడం మొదలుపెడుతుంది. ద్రావణం తిరిగే గొట్టాల గుండా కరెంటు వెనక్కి పారుతుంది. హైడ్రోజన్ వైపు ఇంకా రుణంగానే ఉంటుంది, కానీ ఇప్పుడది ఆనోడ్. అక్కడి ఎలక్ట్రోడ్‌లోని నికెల్ ఆక్సీకరణం చెందుతుంది. రోజూ ఆపి, మళ్లీ నడిపే సోలార్ యూనిట్లలో ఎలక్ట్రోడ్లు త్వరగా పాడవడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే వాయువులు తగ్గేదాకా కొద్దిపాటి కరెంటు ఉంచి, నైట్రోజన్‌తో ఊదుతారు. ‘రుణ ధ్రువం అంటే కాథోడ్’ అని నేర్చుకున్న కుర్రాడికి ఆ కరెంటు ఎందుకో ఎలా అర్థమవుతుంది?

యలహంక:
మరి వైర్లు బిగించే పేజీలో? అక్కడ ప్లస్, మైనస్ చెప్పక తప్పదు కదా.

పీణ్య:
చెప్పండి, టెర్మినల్‌కి చెప్పండి. ‘ప్లస్ వైరు ఆక్సిజన్ వైపు’ అని. పీఈఎం (ద్రావణం బదులు పాలిమర్ పొర వాడే) స్టాక్‌లో ఇది మరీ ముఖ్యం. ఆక్సిజన్ వైపు ఇరిడియం ఉత్ప్రేరకం, టైటానియం పలక. హైడ్రోజన్ వైపు ప్లాటినం, కార్బన్ కాగితం. తారుమారుగా బిగిస్తే కార్బన్ అరిగిపోతుంది, హైడ్రోజన్ సోకి టైటానియం పెళుసెక్కుతుంది.

గిండీ, చెన్నై నుంచి:
శిక్షణలో గాజు గొట్టాలతో చూపిస్తే ఏ వైపు ఏదో వెంటనే తెలుస్తుంది: హైడ్రోజన్ రెండు పాళ్లు, ఆక్సిజన్ ఒక పాలు. మొదట్లో ఆక్సిజన్ ఇంకా తక్కువ కనిపిస్తుంది, అది నీళ్లలో ఎక్కువగా కరుగుతుంది గనక. నీళ్లలో ఉప్పు మాత్రం వేయొద్దు, ప్లస్ వైపు క్లోరిన్ వస్తుంది. కరెంటు పారడానికి చాకలి సోడా చాలు. రెండు వాయువుల్నీ ఒకే సీసాలో పట్టకండి. గాలిలో 4 శాతం హైడ్రోజన్ ఉన్నా నిప్పు తగిలితే అంటుకుంటుంది.

యలహంక:
‘విద్యుద్విశ్లేష్యం’ (ఎలక్ట్రోలైట్) కూడా మార్చమంటారా?

పీణ్య:
దాన్ని ఉంచండి, బడిలో విన్న మాటే, అర్థమూ సరిగానే ఉంది. ఆనోడ్, కాథోడ్ కూడా అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యం చేర్చండి: ‘ఆక్సీకరణం ఎక్కడ జరిగితే అది ఆనోడ్, యంత్రం ఆగినప్పుడు ఈ పేరు అటునుంచి ఇటు మారుతుంది.’ మిగతా పుస్తకమంతా హైడ్రోజన్ వైపు, ఆక్సిజన్ వైపు.