సైటు స్క్రీను వెనుక సైటు దొరికె

నిర్వాహకుడు: నిన్న విజయనగరం అయోధ్య మైదానంలో క్రికెట్ మ్యాచ్ చూస్తూంటే పక్కాయన ఫోనులో అన్న మాట. కాస్త చెక్కితే ఆటవెలది నాలుగో పాదమై కూచుంది. సైటు స్క్రీనంటే బౌలరు వెనక వేసే తెర, రెండో సైటు ఇంటి స్థలం. ఇదే ఈసారి సమస్య, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. కానివ్వండి.

చీపురుపల్లి కవి:
బంతి వెదకబోవ పల్లేరు ముళ్ళలో
బోర్డు కంటబడెను, పోయి యడుగ
అప్పు చేసి కొంటి నంపైరు సాక్షిగా
సైటు స్క్రీను వెనుక సైటు దొరికె

బొబ్బిలి మాస్టారు: "అంపైరు సాక్షిగా" భలే ఉంది తమ్ముడూ. తప్పు నీది కాదు, సమస్య ఇచ్చినాయనది. సైట్‌స్క్రీన్ ఇంగ్లీషులో ఒకటే మాట. రెండే సిలబుల్స్: సైట్, స్క్రీన్. ఊనిక మొదటిదాని మీద. రాతలో నడుమ వరసగా ఆరు హల్లులు. జి, హెచ్ నోరు విప్పవు, మిగతా నాలుగూ ఒక్క ఊపులో దొర్లిపోతాయి. సమాసమన్నాక సంయుక్తాక్షరం స్క్రీ ముందున్న "టు" గురువే, అంటే రెండు మాత్రలు. అక్కడ ఉండాల్సింది లఘువు, ఒకే మాత్ర. మొదటి గణమే కూలింది!

నిర్వాహకుడు: ఆ "టు"లో ఉకారం మనం తగిలించిందే కదా మాస్టారూ. మన సొమ్ముకి మన లెక్క. రెండు మాటలుగా పలికాను, లఘువు.

పలాస బావ: ఏటి మాస్టారూ, పోయిన నెల రైలు పూరణలో "ఇస్టేషను" అని రాసి ఓ గురువుని సంపాదించారు. అప్పుడు ఇంగ్లీషోడు గుర్తు రాలేదా? అయినా మా దగ్గర అందరూ సైడు స్క్రీనే అంటారు. రెండు వెదుళ్ళకి తెల్ల దుప్పటి కట్టి, ఎగరకుండా అడుగున ఇటుకలు పెడతాం.

బొబ్బిలి మాస్టారు: ఇస్టేషను జనం నోట్లో మాట. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారు పుట్టిన జిల్లాలో ఉండి నువ్వా నన్ను అడిగేది? సైడు మాత్రం శుద్ధ తప్పు. బౌలరు చెయ్యి వెనక బంతి ఆనడానికి వేసే తెర అది. ఎర్రబంతికి తెల్లది, తెల్లబంతికి నల్లది. 1936లో ఇంగ్లండుకి భారత జట్టుని నడిపించిన విజయనగరం రాకుమారుడు విజ్జీ ఊళ్ళో ఈ మాట అనకు.

పలాస బావ: అయితే కాసుకోండి.
బ్యాటు పట్టలేదు, భార్య పోరొక్కటే
ఇల్లు కట్టుమనుచు నింటిలోన
పట్టువిడక వెదుక, ప్లాటులమ్మేటి వెబ్‌-
సైటు స్క్రీను వెనుక సైటు దొరికె

చీపురుపల్లి కవి: అబ్బ, విరిచిన చోటు చూడండి! వెబ్‌సైటు వేరు, స్క్రీను వేరు. సమాసమే లేదు, "టు" నిక్షేపంగా లఘువు. నా అంపైరు ఔట్.

బొబ్బిలి మాస్టారు: విరుపు ఒప్పుకున్నాను. కానీ "అమ్మేటి" ఏమిటి? "అమ్మెడి" అనాలి.

పలాస బావ: అలా అంటే గణం పోతుంది మాస్టారూ. అయినా జనం నోట్లో మాటే కదా, పైన మీరే అన్నారు.